నాలుగో అంతస్తు లేని ఊళ్ళో

2022 జులై 9, శనివారం. గాల్‌లో శ్రీలంక, ఆస్ట్రేలియా టెస్టు రెండో రోజు. (మన పేపర్లు గాలె అని రాస్తాయి. తమిళులు కాలి అంటారు. నేను గాల్ అనే రాస్తాను.) హైదరాబాద్‌లో సోఫాలో పడుకుని టీవీ చూస్తున్నాను. ఆ మైదానం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఒక పక్క సముద్రం, ఒక పక్క పాత కోట. టికెట్ కొననివాళ్ళు ఆ కోటగోడ ఎక్కి నిలబడి ఆట చూస్తారు. ఆ రోజు గోడ మీదున్నవాళ్ళు మాత్రం ఆట కోసం రాలేదు. జెండాలు పట్టుకుని అధ్యక్షుడు దిగిపోవాలని అరుస్తున్నారు. అదే రోజు కొలంబోలో జనం అధ్యక్ష భవనంలోకి చొరబడ్డారు. అక్కడి స్విమ్మింగ్ పూల్‌లో ఈతలు కొడుతున్న వీడియోలు సాయంత్రానికల్లా అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి.

ఆ రాత్రి మా బావ ఫోన్ చేశాడు. డాలస్‌లో ఉంటాడు, అమెరికన్ పాస్‌పోర్టు వచ్చి పదేళ్ళు దాటింది. "ఒరేయ్, మ్యాచ్ చూశావా? ఆ కోట లోపల ఇళ్ళు అమ్ముతున్నార్రా. మార్చి మొదట్లో డాలర్‌కి రెండొందల లంక రూపాయలు. ఇప్పుడు మూడొందల అరవై. నలుగురం కలిసి ఒకటి పడేస్తే ఎలా ఉంటుంది?"

ఏప్రిల్‌లోనే ఆ దేశం విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి క్యూలు. బావ చెడ్డవాడేం కాదు. పడిపోయిన ధర దగ్గర కొనాలన్నది మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళలోనూ, దినాల్లోనూ వినే పాఠం, ఆయన దాన్ని వంటబట్టించుకున్నాడంతే. నాకు అప్పజెప్పిన పని ఇంకా చిన్నది: "నువ్వు ఎలాగూ పుస్తకాలు చదువుతావుగా, రూల్స్ ఏంటో చూడు."

చూశాను. నేను చరిత్రకారుణ్ణి కాను, లాయర్నీ కాను. పగలంతా పేమెంట్ల సాఫ్ట్‌వేర్ రాసుకునేవాణ్ణి. ఒక ఎక్సెల్ షీటుతో మొదలైన పని, 2023 ఫిబ్రవరిలో కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో గాల్ రైలెక్కేదాకా వెళ్ళింది.

కోటలోకి వెళ్ళడానికి రెండు దారులున్నాయి. పెద్ద ద్వారం 1873లో బ్రిటిష్‌వాళ్ళు తెరిచింది. పాత ద్వారం ఓడరేవు వైపు ఉంటుంది. దానికి బయటి పక్క బ్రిటిష్ రాజచిహ్నం ఉంటే, లోపలి పక్క డచ్ ఈస్టిండియా కంపెనీ చిహ్నం, రెండు సింహాలు, ఒక కోడిపుంజు, 1669 అని రోమన్ అంకెలు. ఒకే గుమ్మానికి అటొక యజమాని, ఇటొక యజమాని. లోపల ఊరు చాలా చిన్నది. ఈ బురుజు నుంచి ఆ బురుజుకి పది నిమిషాల్లో నడిచెయ్యొచ్చు. నేను దిగిన వీధి పేరు లేన్ బాన్. డచ్చి భాషలో తాళ్ళు పేనే చోటు అని అర్థం. ఇళ్ళన్నీ వీధిని ఆనుకునే ఉంటాయి. ముందు స్తంభాల వరండా, లోపల గదులు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా. మా తాతగారి ఇంటి వాసన తగిలింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఒక వరండా గోడ మీద చేత్తో రాసిన అట్టముక్క వేలాడుతోంది: "పన్నెండు పెర్చ్‌లు. లీజుకి. బ్రోకర్లు రావద్దు." పెర్చ్ అంటే ముప్పై గజాల పావు. ఎకరాకి నూట అరవై. మన సెంట్లలోకి మార్చుకుంటే ఏడున్నర సెంట్లు. అమ్మకానికి అని రాయలేదు, లీజుకి అని రాశారు. ఆ ఒక్క మాట వెనక ఎంత కథ ఉందో అప్పటికి నాకు సగమే తెలుసు.

అసలు ఈ ఊరికి స్థానికుడు ఎవరు? నాకు మొదటినుంచీ చిక్కుముడి అక్కడే. 1911లో గాల్‌లో ఒక మోరీ మీద పలకగా వాడేసిన రాయి దొరికింది. ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది. చైనా నుంచి నౌకాదళంతో వచ్చిన జెంగ్ హ 1409 తేదీతో చెక్కించి తెచ్చిన శాసనం అది. చైనీస్‌లో బుద్ధుడికి, తమిళంలో విష్ణువుకి, పర్షియన్‌లో అల్లాకి కానుకల జాబితాలు. మూడు భాషల్లో ఏదీ సింహళం కాదు! పోర్చుగీసువాళ్ళు రావడానికి వందేళ్ళ ముందే, ఆ రేవులో చదివేవాళ్ళు ఎవరెవరని ఒక పైదేశంవాడు అనుకున్నాడో ఆ రాయి చెప్తుంది.

తర్వాత పోర్చుగీసువాళ్ళు కోట కట్టారు. 1640లో డచ్చివాళ్ళు పట్టుకున్నారు. 1656లో కొలంబో చిక్కేదాకా సిలోన్‌లో వాళ్ళ ముఖ్యస్థానం గాల్. ఇప్పుడు బ్రోకర్లు "అసలైన డచ్ ఇల్లు" అంటూ చూపించే వరండాలు, చర్చి వీధిలోని 1755 నాటి గ్రోట్ కెర్క్, రాంపార్ట్స్, ఇవన్నీ ఆ కంపెనీ ముద్రలే. ఇళ్ళు కట్టిన చేతులు మాత్రం వేరు. 17వ శతాబ్దంలో మన తీరంలో కరువొచ్చినప్పుడు కోరమండల్ రేవుల్లో మనుషుల్ని కొని ఓడలెక్కించి సిలోన్‌కి, బటావియాకి తీసుకెళ్ళింది ఈ కంపెనీయే. రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో ఆ ఓడలు ఉండవు.

కంపెనీ నౌకర్లలో కొందరు ఉద్యోగం మానేసి అక్కడి ఆడవాళ్ళని పెళ్ళాడి స్థిరపడాలని కంపెనీయే కొన్నాళ్ళు కోరుకుంది. అలా స్థిరపడ్డవాళ్ళని బర్గర్లు అన్నారు. డచ్చిలో ఆ మాటకి అర్థం పట్టణ పౌరుడు. ఈ అర్థాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చినవి తొంబోలు. పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. డచ్చివాళ్ళు 18వ శతాబ్దంలో తమ చేతిలో ఉన్న తీరప్రాంతమంతా ఊరూరా తిరిగి రాయించిన చిట్టాలు. మనుషుల తొంబోలో కుటుంబం, పేర్లు, కులం, కంపెనీకి చెయ్యాల్సిన ఊడిగం. భూమి తొంబోలో ఆ కుటుంబానికున్న నేల, కొబ్బరిచెట్లు, పనసచెట్లు లెక్కతో సహా. నా వృత్తి భాషలో చెప్పాలంటే రెండు టేబుళ్ళు, ఇంటిపేరు దగ్గర జాయిన్. పన్ను కోసం, వెట్టి కోసం పుట్టిన ఆ చిట్టాలే, వందేళ్ళు తిరిగేసరికి కోర్టుల్లో హక్కు పత్రాలయ్యాయి. "నా ముత్తాత పేరు తొంబోలో ఉంది" అంటే ఆ నేల నాదని. పైదేశం కంపెనీ గుమాస్తా రాసుకున్న పుస్తకంలో పేరుంటేనే సొంత ఊళ్ళో సొంతవాడు. ఆ పుస్తకాలు ఇప్పుడు కొలంబో జాతీయ పత్రాగారంలో ఉన్నాయి.

రాయడం ఎంత ముఖ్యమో, ఎవర్ని రాయకూడదన్నదీ అంతే. కొలంబో కోటలోనూ, దాన్నానుకున్న పేటలోనూ ముస్లింలు, తమిళులు ఇళ్ళు కొనకూడదని డచ్చివాళ్ళు నిషేధం పెట్టారు. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని 1832లో గానీ ఎత్తెయ్యలేదు. లంక ముస్లింలకి మూర్లు అనే పేరు పెట్టింది పోర్చుగీసువాళ్ళు, తమ దేశంలో తాము యుద్ధం చేసిన శత్రువుల పేరు తెచ్చి తగిలించారు. వేల మైళ్ళ అవతల నుంచి నిన్న దిగినవాడు, తరాలుగా ఆ రేవులో వ్యాపారం చేసుకుంటున్నవాణ్ణి పట్టుకుని నువ్వు పరాయివాడివి, నీకు ఇల్లమ్మం అనగలగడం! దస్తావేజుల పుస్తకం ఎవరి చేతిలో ఉంటే మిగతావాళ్ళు పరాయివాళ్ళు. ఇంతకన్నా సూటి నిర్వచనం నాకు ఏ చట్టంలోనూ కనిపించలేదు.

తర్వాతి వందేళ్ళ కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1796లో కోట బ్రిటిష్‌వాళ్ళ చేతికి వచ్చింది. ఆవిరి ఓడలకి గాల్ పెద్ద మజిలీ. కానీ రేవులో రాళ్ళు, గాలివాన రోజుల్లో ప్రమాదం. 1875లో కొలంబోలో అడ్డుకట్ట కట్టడం మొదలుపెట్టారు, పదేళ్ళలో అది పూర్తయింది, ఓడలన్నీ అటు మళ్ళాయి. గాల్ నిద్రపోయింది. ఆఫీసులు పోయాయి, దొరలు పోయారు, ఇళ్ళ ధరలు పడ్డాయి. ఆ పడిన ధరల్లో కోటలో ఇళ్ళు కొనుక్కున్నది ఎక్కువగా ముస్లిం కుటుంబాలే. రత్నాల వ్యాపారులు, దుకాణదారులు. 1904లో లైట్‌హౌస్ ఎదురుగా కట్టుకున్న తెల్లటి మసీదుని దూరం నుంచి చూస్తే పోర్చుగీసు చర్చే అనుకుంటాం.

1956లో సింహళమే అధికార భాష అన్న చట్టం వచ్చింది. ఇంగ్లిష్ మాట్లాడే బర్గర్లు కుటుంబాలకి కుటుంబాలే ఆస్ట్రేలియాకి తరలిపోయారు. పేరులోనే పౌరుడు అని ఉన్నవాళ్ళు!

ఆ తర్వాతి మలుపు చట్టంలోనే ఉంది. 1963లో శ్రీలంక ఒక ఆర్థిక చట్టం చేసింది: పౌరుడు కానివాడికి స్థిరాస్తి బదిలీ చేస్తే దాని విలువకి నూటికి నూరు శాతం పన్ను. కోటి రూపాయల ఇంటికి కోటి రూపాయల పన్ను. వద్దని అనలేదు, రెట్టింపు కట్టు అంది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం, తోటలెన్నో ఇంకా బయటి కంపెనీల చేతిలో ఉన్న దేశం అలా ఆలోచించడంలో నాకు తప్పేం కనపడదు. తిరుగుతున్నది ఆ "పౌరుడు కానివాడు" అన్న మాట చుట్టూ. 1948 పౌరసత్వ చట్టంతో తేయాకు తోటల్లో పుట్టి పెరిగిన భారత సంతతివాళ్ళు లక్షలమంది ఏ దేశానికీ చెందనివాళ్ళయిపోయారు. 1964లో శాస్త్రి, సిరిమావో కూర్చుని వాళ్ళని అంకెలుగా పంచుకున్నారు: ఐదు లక్షల పాతికవేలు ఇటు, మూడు లక్షలు అటు, మిగతావాళ్ళ సంగతి తర్వాత. గాల్‌లో సముద్రం కనిపించే ఇల్లు కొందామని వచ్చిన లండన్ బ్యాంకరూ, కాండీ కొండల్లో లైన్ గదిలో పుట్టిన కూలీ మనిషీ చట్టం దృష్టిలో ఒకే గడిలో ఉన్నారు. ఒకడికి ఆ గడి ఖర్చు. రెండోవాడికి అదే జీవితం.

2002 ఫిబ్రవరిలో టైగర్లతో కాల్పుల విరమణ కుదిరింది. ఆ ఏడే నూరు శాతం పన్ను ఎత్తేశారు. గాల్ కోట మీదకి జనం ఎగబడ్డది అప్పుడే. 1988 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న ఊరు, యుద్ధానికి దూరంగా ఉన్న దక్షిణ తీరం, కూలిపోతున్న పెంకుటిళ్ళు, లండన్‌లో ఒక పార్కింగ్ స్థలం వెలకి దొరికే మండువాలు. హాంకాంగ్ నుంచీ, ఇంగ్లండ్ నుంచీ వచ్చి కొన్నారు. 2004లో ప్రభుత్వం మారింది, పన్ను తిరిగొచ్చింది. ఆ ఏడాది డిసెంబర్ 26న సునామీ వచ్చి గాల్ బస్టాండునీ, క్రికెట్ మైదానాన్నీ తుడిచేసింది. కోట లోపల మాత్రం దాదాపు ఏమీ కాలేదు. డచ్చివాళ్ళ గోడ నిలబడింది. తర్వాతి ఏళ్ళలో నెదర్లాండ్స్ ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో కొన్ని ఇళ్ళ వరండాలని పాత రూపానికి తెచ్చారు. 2007 నుంచి సాహిత్యోత్సవాలు కూడా మొదలయ్యాయి. కోట మనలాంటివాళ్ళ ఊరైపోయింది, అంటే పుస్తకం చేత్తో పట్టుకుని కాఫీ ఫొటో తీసుకునేవాళ్ళ ఊరు.

2014లో పన్ను పోయి నిషేధం వచ్చింది. భూమి బదిలీ ఆంక్షల చట్టం, 38వ నంబరు. 2013 జనవరి 1 నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. దీని ప్రకారం విదేశీయుడికి, సగమో అంతకుమించో విదేశీ వాటాలున్న కంపెనీకి భూమి అమ్మడం కుదరదు. లీజుకి తీసుకోవచ్చు, గరిష్ఠంగా 99 ఏళ్ళు. మొదట్లో లీజు మొత్తం మీద 15 శాతం పన్ను కూడా ఉండేది, తర్వాత దాన్ని తీసేశారు. మినహాయింపుల్లో ఒకటి చదివి నేను గట్టిగా నవ్వాను: అపార్ట్‌మెంట్లలో నాలుగో అంతస్తు, ఆ పైన ఉన్న ఫ్లాట్లు విదేశీయులు కొనుక్కోవచ్చని 2014 చట్టంలో రాశారు, డబ్బంతా ముందే బయటి దేశం నుంచి తెస్తే. నేలకి దూరంగా, గాల్లో ఉంటే పరవాలేదన్నమాట. కొలంబో టవర్లకి సరిపోయే మినహాయింపు. గాల్ కోటలో నాలుగో అంతస్తు అనేదే లేదు. పురావస్తు శాఖా, హెరిటేజ్ ఫౌండేషనూ లేవనివ్వవు.

బావకి ఇదంతా మెయిల్ రాశాను. "99 ఏళ్ళు చాలవేంట్రా? మనం అంతకాలం ఉంటామా?" అన్నాడు. నిజమే, లెక్క ప్రకారం తప్పు లేదు. అయినా ఆయన గొంతులో ఉత్సాహం తగ్గింది. కొన్నాను అని చెప్పుకోవడంలో ఉన్నది లీజులో లేదు. మనవాళ్ళకి మరీను.

మెయిల్లో రాయనిది ఒకటుంది, పక్కింటి పెద్దాయన సంగతి. నేను దిగిన ఇంటి పక్క వరండాలో పొద్దున్నే వాలుకుర్చీలో కూర్చునేవాడు. ఒకప్పుడు రాళ్ళ వ్యాపారం, అంటే నీలాలు. ఇంట్లో తమిళం మాట్లాడతారు. చెన్నైలో నాలుగేళ్ళ ఉద్యోగం నాకిచ్చిన తమిళంతో పలకరించాను. మూడో రోజుకి లోపలికి పిలిచి టీ ఇచ్చాడు.

ఆ ఇల్లు వాళ్ళమ్మది. కూతురికి పెళ్ళిలో ఇల్లిచ్చే ఆచారం శ్రీలంక ముస్లింలలో చాలాచోట్ల ఉంది, పసుపు కుంకుమ కింద పొలం రాసిచ్చినట్టు. వాళ్ళమ్మకి ఆరుగురు. ముగ్గురు పోయారు. ఆ ముగ్గురి పిల్లలు పదకొండు మంది, కొలంబోలో, దోహాలో, లండన్‌లో. ఇల్లు పంచుకోలేదు. అక్కడ ఇది మామూలే. దస్తావేజులో ఫలానా గది ఎవరిదని ఉండదు, మొత్తం ఇంట్లో విడదీయని వాటా ఇంత అని భిన్నంలో ఉంటుంది. తరం మారినప్పుడల్లా కింది అంకె పెరుగుతూ పోతుంది. పంపకాల దావా వేస్తే తీర్పు వేసినవాడి మనవడికి వస్తుందని అక్కడి జోకు. కొనేవాడి తరఫు నోటరీ ముప్పై ఏళ్ళ వెనక్కి రిజిస్టర్లు తిరగేసి, ఈ భిన్నాలన్నీ కూడితే ఒకటి వస్తుందో లేదో చూడాలి. ఒక్క వాటాదారుడు సంతకం పెట్టకపోయినా కొన్నది ఇల్లు కాదు, వ్యాజ్యం. పైగా విదేశీయుడైతే డబ్బు ప్రత్యేకమైన ఇన్‌వర్డ్ ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్ ద్వారానే రావాలి. అలా రాకపోతే రేపు లీజు అమ్ముకున్నా ఆ డబ్బు దేశం దాటించడం కష్టం.

"లండన్ మేనల్లుడు బ్రిటిష్‌వాడైపోయాడు," అన్నాడాయన. "వాళ్ళమ్మ వాటా వాడికి వారసత్వంగా వచ్చింది, దానికి చట్టం ఒప్పుకుంటుంది. నా వాటా కూడా కొనుక్కుంటానంటాడు. దానికి ఒప్పుకోదు. ఈ ఇంట్లోనే పుట్టాడు వాడు. అదిగో, ఆ గదిలో." గది చూపించాడు. ఫ్రిజ్, కుట్టుమిషన్, ఒక పాత అల్మారా.

బ్రోకర్లు వారానికొకసారి వస్తారట. వీధిలో ఇప్పుడు రాత్రుళ్ళు దీపాలు వెలిగే ఇళ్ళలో సగం హోటళ్ళు. తెల్లవారుజాము నమాజుకి ఒకటే వరస నిలబడుతోంది, శుక్రవారం మాత్రం బయటినుంచి వచ్చి నింపుతారు. ఫిర్యాదులా చెప్పలేదు. తమ్ముడు తన భాగం ఇల్లు 2003లో అమ్మి ఊరి బయట తోటతో సహా పెద్ద ఇల్లు కట్టుకున్నాడనీ, అక్కడ కారు లోపలికొస్తుందనీ కూడా అదే గొంతుతో చెప్పాడు.

గాల్ గురించి రాసేవాళ్ళు రెండు జట్లుగా ఉంటారు. ఒకరు, డబ్బున్న విదేశీయులొచ్చి ఊరిని ఖాళీ చేయించారంటారు. ఇంకొకరు, వాళ్ళు రాకపోతే ఆ పైకప్పులు ఎప్పుడో కూలిపోయేవంటారు. రెండింటిలోనూ నిజముంది, అయినా రెండూ నాకు నచ్చలేదు. మొదటి జట్టు, మూడు వందల ఏళ్ళలో మొదటిసారి మంచి ధర దొరికిన కుటుంబాన్ని నా ఫొటో కోసం అమ్మకుండా ఉండమంటోంది. అది అడిగే హక్కు నాకు లేదు. రెండో జట్టు పైకప్పుని చూసి దాని కింద పడుకునేవాళ్ళని మర్చిపోతోంది. మండువాలో చిన్న ఈతకొలను తవ్విన ఇల్లు బాగానే ఉంటుంది. కాకపోతే ఆ ఇంటి నుంచి పక్కింటికి కూర గిన్నె వెళ్ళదు.

చట్టం సంగతి వేరు. అది పాస్‌పోర్టు అడుగుతుంది, ఇందులో నువ్వు ఉంటావా అని అడగదు. కొలంబో పెట్టుబడిదారు మూడిళ్ళు కొని హోటలు చేస్తే పౌరుడే కాబట్టి చిక్కు లేదు. కోటలోనే పుట్టిన లండన్ మేనల్లుడు తిరిగొచ్చి ఉంటానన్నా పరాయివాడు, రెండో పౌరసత్వం తెచ్చుకుంటే తప్ప. నూరు శాతం పన్ను ఉన్న రోజుల్లో ఆ డబ్బు వెళ్ళింది ఖజానాకి, ఈ వీధికి కాదు. ఇంకో దారి లేదా అంటే ఉంది. ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున సెయింట్ ఐవ్స్ అనే పాత జాలరి ఊరు 2016లో ఓటు పెట్టుకుని, కొత్తగా కట్టే ఇళ్ళు ఏడాది పొడుగునా ఉండేవాళ్ళకే అని తీర్మానించింది. అక్కడ ఎవరూ ఏ దేశం అని అడగరు, ఉంటావా అని అడుగుతారు. అదీ సాఫీగా ఏం సాగలేదు. నియమం కొత్త ఇళ్ళకే కాబట్టి సెలవులకొచ్చేవాళ్ళు పాత ఇళ్ళ మీద పడ్డారు. అయినా ప్రశ్న మాత్రం సరైనది అనిపిస్తుంది నాకు. మనకీ ఇలాంటి గీతలు కొత్తకాదు. మన్యంలో గిరిజనేతరులకి భూమి బదిలీ కుదరదనే 1/70 చట్టం, పాస్‌పోర్టుతో పని లేకుండా పక్క జిల్లావాణ్ణి కూడా పరాయివాడే అంటుంది. అక్కడ ఆ గీత ఎందుకు ఉండాలో అమ్మినవాళ్ళ పరిస్థితి చూసినవాళ్ళెవరికైనా తెలుసు.

వచ్చేముందు రోజు పెద్దాయన ఒకటి అడిగాడు. "మీ బావ ఇక్కడ ఇల్లు తీసుకుంటానంటున్నాడు. బాగుంది. మీ ఊళ్ళో నాకొక ఇల్లు అమ్ముతారా?" నవ్వుతూనే అడిగాడు. "ఎందుకు అమ్మరు, తప్పకుండా," అనేశాను.

మా ఊరు బందరు. తాతగారి ఇల్లు వలందపాలెంలో ఉండేది. వలంద అంటే ఎవరో జమీందారు అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. డచ్చివాళ్ళని మనవాళ్ళు వలందులు అన్నారనీ, 1605లోనే ఆ కంపెనీ బందరులో దుకాణం తెరిచిందనీ, పక్కనే ఉన్న పరాసుపేట ఫ్రెంచివాళ్ళదనీ, ఇంగ్లీషుపాలెం సరే పేరులోనే ఉందనీ ఇంజనీరింగ్ అయ్యాక గానీ తెలియలేదు. గాల్ ద్వారం మీద సింహాలు చెక్కించుకున్న కంపెనీ మనుషులే బందరులో సమాధులై ఉన్నారు. ఆ డచ్చి శ్మశానాన్ని ఇప్పుడు పురావస్తు శాఖ చూసుకుంటోంది. తాతగారి ఇల్లు డచ్చి ఇల్లేం కాదు, మామూలు మండువా పెంకుటిల్లు. తాతగారు పోయాక ఐదుగురు వారసులు, ఎవరూ ఊళ్ళో లేరు. 2011లో అమ్మేశాం. మా నాన్న వాటా కింద సంతకం నాది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేసి, ఫొటో దిగి, ఆ సాయంత్రమే బస్సెక్కాను. బెంగళూరులో సోమవారం రిలీజ్ ఉంది. మా పెద్దత్త ఒక్కర్తే ఇంకోసారి లోపలికెళ్ళి చూసొస్తానంది. తాళాలు అప్పటికే ఇచ్చేశాం.

ఇంటికొచ్చాక పెద్దాయన ప్రశ్నకి జవాబు వెతికాను. విదేశీ మారక నిబంధనల్లో ఒక చిన్న జాబితా ఉంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, చైనా, ఇరాన్, నేపాల్, భూటాన్, ఇంకా కొన్ని, వాటి మధ్యలో శ్రీలంక. ఈ దేశాల పౌరులు రిజర్వ్ బ్యాంకు ముందస్తు అనుమతి లేకుండా భారతదేశంలో స్థిరాస్తి కొనకూడదు. లీజు పరవాలేదు, ఐదేళ్ళు మించకుండా. మా బావకి ఆ బాధ లేదు. అమెరికన్ అయినా ఓసీఐ కార్డుంది కాబట్టి బందరులో ఇల్లు కొనొచ్చు, పొలం మాత్రం కొనలేడు. గాల్ మాకు 99 ఏళ్ళిస్తుంది. బందరు ఆయనకి ఐదు.

అదే ఊపులో తాతగారి ఇంటి ఈసీ కూడా ఆన్‌లైన్లో తీశాను. సర్వే నంబరు, హద్దులు, మా అందరి పేర్లు. దస్తావేజు రాసిచ్చినవాళ్ళ పేర్ల పక్కన బ్రాకెట్లో ఈఎక్స్ అని ఉంటుంది. నా పేరు పక్కనా అదే. దాని కింద ఇంకో నాలుగు లావాదేవీలు, ఆ తర్వాత ఒకే హద్దుల్లో వరసగా ఫ్లాట్ నంబర్లు. 101 నుంచి 404 దాకా. నాలుగో అంతస్తు కూడా ఉంది.

పెద్దాయనకి వాట్సాప్‌లో రాశాను, మాట తప్పానని. తమిళం టైపు చెయ్యడం రాక ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాశాను: కొనడానికి కుదరదట, రిజర్వ్ బ్యాంకు ఒప్పుకోవాలట, లీజు అయితే ఐదేళ్ళట. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు పొద్దున్నే వచ్చింది.

"నా వయసుకి ఐదేళ్ళు ఎక్కువే. అద్దె ఎంత?"